అతుకు వినిపించని దరువు

కొవ్వూరు నుంచి రాజమండ్రి వైపు గోదావరి దాటుతున్న రైల్లో జనం కిటికీ దగ్గరికి చేరతారు. కొందరు దండం పెట్టుకుంటారు, కొందరు నీళ్లలోకి రూపాయి బిళ్ల విసురుతారు. ఈసారి వెళ్లినప్పుడు కాసేపు కళ్లు మూసుకుని వినండి. బండి వంతెన ఎక్కగానే చప్పుడు మారిపోతుంది. అంతవరకూ మట్టీ కంకరా మింగేస్తున్న శబ్దాన్ని ఇక్కడ ఉక్కు గర్డర్లు మోగించి తిరిగి మనమీదికే పంపుతాయి. 1974లో మొదలైన రోడ్డు-రైలు వంతెనలో ఎక్కువ స్పాన్ల పొడవు 91.5 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక్కో స్పాను దాటడానికి ఐదున్నర సెకన్లు పడుతుంది. స్తంభం వచ్చినప్పుడల్లా హోరు ఒక్కసారి తెగి మళ్లీ మొదలవుతుంది. అలా నది దాటేవరకూ అదే చప్పుడు చుట్టు తిరిగి వస్తూనే ఉంటుంది.

ఇంకా చిన్న చుట్టు కావాలంటే బండి దిగాలి. రెండు పట్టాలు కలిసే అతుకు దగ్గర నిలబడి, పక్కనుంచి పోతున్న బండిని వినాలి. దశాబ్దాలపాటు మన ఊళ్ల మీదుగా తిరిగిన ఐసీఎఫ్ పెట్టెకు ముందువైపు రెండు ఇరుసులు, వెనకవైపు రెండు ఇరుసులు. ప్రతి జంటలో ఇరుసుల మధ్య దూరం 2.896 మీటర్లు. ముందు జంట మధ్యభాగం నుంచి వెనక జంట మధ్యభాగానికి 14.783 మీటర్లు. బఫర్లతో కలిపి పెట్టె పొడవు 22.297 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర లెక్క వేస్తే, ఒక అతుకు మీద పడే దెబ్బల మధ్య వ్యవధి వరసగా 0.17, 0.71, 0.17, 0.28 సెకన్లు. తర్వాత పెట్టె వస్తుంది, మళ్లీ అదే వరస. ఒక పెట్టె వెనక జంటా, దాని తర్వాతి పెట్టె ముందు జంటా దగ్గరదగ్గరగా పడతాయి కాబట్టి చెవికి అది 'టకటక్-టకటక్' అని నాలుగు దెబ్బల గుత్తిగా, ఆ తర్వాత ఒక విరామంగా తెలుస్తుంది. మొత్తం 1.34 సెకన్ల ఆవర్తనం. ఇరవై నాలుగు పెట్టెల బండి దీన్ని ఇరవై నాలుగుసార్లు వాయించి వెళ్లిపోతుంది.

1948లో పారిస్‌లో పియర్ షేఫర్ అనే రేడియో ఇంజనీరు సరిగ్గా ఇలాంటి చప్పుళ్లనే పట్టుకున్నాడు. బాటిన్యోల్ స్టేషన్‌లో ఇంజన్లనూ, పెట్టెలనూ, ఈలలనూ రికార్డు చేసి వాటితో ఒక రచన కట్టాడు. ఆ ఏడాది అక్టోబర్ 5న ఫ్రెంచి రేడియో దాన్ని ప్రసారం చేసింది. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు, గ్రామఫోను రికార్డులే ఉన్నాయి. మామూలు రికార్డు మీద గాడి చుట్లు చుట్లుగా లోపలికి పోతుంది. షేఫర్ గాడి తోకను దాని తలతోనే కలిపేశాడు. ముల్లు ఆ ఒక్క చుట్టులోనే చిక్కుకుని తిరుగుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు మీద ఒక చుట్టుకు పట్టేది 0.77 సెకన్లు. గంటకు 60 కిలోమీటర్లతో పోయే బండి మన 13 మీటర్ల పట్టా ఒకదాన్ని దాటడానికి పట్టేది 0.78 సెకన్లు. ఇది కాకతాళీయమే. అయినా ఆ గాడి ఎంత పొట్టిదో ఊహించుకోవడానికి మనకు ఇంతకంటే మంచి కొలత దొరకదు.

చప్పుడును చుట్టు తిప్పితే దానికి ఏదో అవుతుంది. మొదటిసారి విన్నప్పుడు 'ఇది రైలు' అనుకుంటాం. పదోసారికి రైలు పక్కకు తప్పుకుని దాని నడక మిగులుతుంది. అమెరికాలో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డయానా డాయిష్‌కు 1995లో ఇది అనుకోకుండా ఎదురైంది. తన వ్యాఖ్యానం రికార్డును సరిచూసుకుంటూ అందులో ఒక చిన్న ముక్కను తిరిగి తిరిగి మోగేలా వదిలేసి, వేరే పనిలో పడింది. కాసేపటికి ఎవరో పాడుతున్నట్టు అనిపించింది. మోగుతున్నది తన మాటే, ఒక్క అక్షరం మారలేదు. చుట్టు తిరగడం వల్ల మాటలోని ఎత్తుపల్లాలు రాగమై వినిపించాయి. ఇది మీరే చేసి చూడవచ్చు. కోనసీమ మనిషి చివర సాగదీస్తూ 'అలాగేనండీ ఆయ్' అన్న ముక్కను ఫోనులో పట్టి, కంప్యూటర్‌లో పదిసార్లు వరసగా అతికించి వినండి. ఆ 'ఆయ్' ఏ స్వరం మీద దిగుతోందో హార్మోనియం మెట్ల మీద వెతకాలనిపిస్తుంది.

రికార్డయిన శబ్దంలో ఒక ముక్కను, చివర మొదలుతో కలిసేలా కత్తిరించి తిప్పడాన్ని లూప్ అంటున్నాం. టేపు రోజుల్లో ఇది చేతిపని. బ్లేడుతో టేపు కోసి, రెండు కొసలూ కలిపి అతికించి, ఆ వలయాన్ని యంత్రం చుట్టూ తిప్పేవారు. టేపు సెకనుకు 15 అంగుళాలు నడిస్తే నాలుగు సెకన్ల దరువుకు అయిదడుగుల టేపు కావాలి. 1977లో బీజీస్ బృందం ఫ్రాన్స్‌లో పాటలు రికార్డు చేస్తుండగా డ్రమ్మరు ఇంట్లో ఆపద వచ్చి వెళ్లిపోవాల్సి వచ్చింది. అంతకుముందే రికార్డయిన 'నైట్ ఫీవర్' పాటలోంచి రెండు బార్ల (ఆవర్తనాల) డ్రమ్స్ ముక్క తీసి, టేపు వలయం చేసి తిప్పారు. దాని మీద కట్టిన పాటే 'స్టేయిన్ అలైవ్'. సినిమా వాళ్లకు కూడా లూప్ పాత చుట్టమే. డబ్బింగ్ థియేటర్లో ఒక సన్నివేశం ఫిల్ము ముక్కను వలయంగా అతికించి తెర మీద తిప్పుతూ ఉంటే, పెదాల కదలికకు మాట కుదిరేదాకా కళాకారులు చెబుతూ ఉండేవారు.

తొంభైలలో పని కంప్యూటర్‌లోకి మారింది. 1994లో రీసైకిల్, 1997లో ఫ్రూటీ లూప్స్, 1998లో యాసిడ్, 2001లో ఏబుల్టన్ లైవ్, 2004లో గ్యారేజ్‌బ్యాండ్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. పేర్లూ హంగులూ వేరైనా వీటన్నిటి లోపల ఉన్నది ఒకటే. కంప్యూటర్‌కు శబ్దమంటే సంఖ్యల వరస. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 సంఖ్యలు. నాలుగు సెకన్ల లూప్ అంటే 1,76,400 సంఖ్యలు. వాటిలో ఎన్నోదాని దగ్గర మొదలుపెట్టాలి, ఎన్నోదాని దగ్గర ఆపి వెనక్కి రావాలి అన్న రెండే రెండు ప్రశ్నలు. బ్లేడు బదులు మౌస్ వచ్చింది కాబట్టి పని తేలికైందనిపిస్తుంది. కోయడం మాత్రమే తేలికైంది. ఎక్కడ కోయాలో యంత్రం చెప్పలేదు. అది వాయించిన మనిషి చేతిలో ఉంది.

అందుకే మాదిరి లూప్‌గా స్టూడియోలో తీసిన శుభ్రమైన డ్రమ్ముల ముక్క తీసుకోబోవడం లేదు. మన డెల్టాలో దొరికే అతి కష్టమైన సరుకు తీసుకుందాం: గరగల డప్పు.

ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో గ్రామదేవత జాతర అంటే గరగలు ఉండాల్సిందే. పెద్దాపురం మరిడమ్మకు ఆషాఢంలో, భీమవరం మావుళ్లమ్మకు సంక్రాంతి నాళ్లలో, ఇంకా ప్రతి ఊళ్లో ఆ ఊరి అమ్మవారి తీర్థానికి. పడగల ఆకారంతో అలంకరించిన గరగ అనే ఘటాన్ని తల మీద పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, డప్పుల నడకకు అడుగులు వేస్తారు. అడుగు దరువును చూసుకుంటుంది, దరువు అడుగును చూసుకుంటుంది. నాట్యం ఊపందుకుంటే డప్పు వేగం పెరుగుతుంది. తాళం తప్పిందని అక్కడ ఎవరూ అనరు. ఊపు అంటే అదే.

డప్పు నిర్మాణం చూడండి. గుండ్రని చెక్క చట్రం, దాని మీద బిగించిన తోలు. ఒక చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, రెండో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ బరువుగా పడుతుంది, చిటికెన పుల్ల అంచు మీద చిటచిటలాడుతుంది. వాయించేముందు గడ్డి మంట వేసి తోలు కాస్తారు. తోలులోని తేమ పోయి అది బిగుస్తుంది, స్వరం పైకెక్కుతుంది. పొర మోగే పౌనఃపున్యం దాని బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే బిగువు పది శాతం తగ్గితే స్వరం అయిదు శాతం దిగుతుంది, దాదాపు ఒక అర్ధస్వరం. కాలవ గట్ల మధ్య, వరిచేల మధ్య ఉన్న ఊళ్లలో గాలి నిండా తేమే. మంట దగ్గర నుంచి వచ్చిన డప్పు కాసేపటికే మెత్తబడటం మొదలుపెడుతుంది. అందుకే మధ్యమధ్యలో మళ్లీ మంట దగ్గరికి వెళ్తారు. లూప్ చేసేవాడికి దీని అర్థం ఒకటుంది. ఒకే రికార్డింగులో మొదటి నిమిషం ముక్కా పదో నిమిషం ముక్కా పక్కపక్కన పెడితే అవి రెండు వేర్వేరు డప్పుల్లా మోగుతాయి. లూప్‌కు కావలసిన ముక్కలన్నీ ఒకే కాపు మీద, దగ్గరదగ్గర సమయంలో వాయించినవై ఉండాలి.

సరే, పదిహేను నిమిషాల రికార్డింగు మన ముందుంది అనుకుందాం. సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే దెబ్బలన్నీ తెర మీద నిటారు గీతల్లా కనిపిస్తాయి. కొత్తవాళ్లు దరువు మొదలైన మొట్టమొదటి ఆవర్తనాన్ని పట్టుకుంటారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, ముందు నిశ్శబ్దం, తర్వాత దెబ్బ. వాడకూడనిది అదే. ఎందుకంటే ప్రతి దెబ్బకూ ఒక తోక ఉంటుంది. డప్పు మోత, ఎదురుగా ఉన్న గుడి గోడ నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని, ఇవి తర్వాతి దెబ్బ మీదికి పాకుతాయి. ఆవర్తనం చివరి దెబ్బ తోక రెండో ఆవర్తనం మొదటి దెబ్బ కింద ఉంటుంది. మొదటి ఆవర్తనం కింద మాత్రం ఏమీ ఉండదు, దాని ముందు ఏ దెబ్బా పడలేదు కాబట్టి. దాన్ని లూప్ చేస్తే చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా మోత పుటుక్కున తెగి, గాలి పీల్చుకున్నట్టు ఒక ఖాళీ వినిపిస్తుంది. అదే మధ్యలో మూడోదో నాలుగోదో ఆవర్తనం తీసుకుంటే, దాని మొదటి దెబ్బ కింద అంతకుముందు ఆవర్తనం తోక ఎలాగూ ఉంది. మనం చుట్టు తిప్పినప్పుడు ఆ తోక తన చోట తానే కూర్చుంటుంది. లూప్‌ల గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోదలిస్తే దీన్ని గుర్తుపెట్టుకోండి: నడుస్తున్న దరువులోంచి కోయాలి, మొదలవుతున్న దరువులోంచి కాదు.

తర్వాత కోత ఎక్కడ పెట్టాలి? సమం మీద, అంటే ఆవర్తనం మొదలయ్యే చోట, పడే బరువైన సిర్ర దెబ్బ దగ్గర. దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలోనే శిఖరానికి చేరుతుంది. ఆ ఎక్కుడు మధ్యలో కోస్తే దెబ్బలో 'దెబ్బ' పోతుంది, మోత మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఎక్కుడు మొదలయ్యే చోటికి ఒకటి రెండు మిల్లీసెకన్ల ముందు కోయాలి. డప్పు వాయించేవాళ్లు సమానికి ముందు చిటికెన పుల్లతో రెండు మూడు చిన్న దెబ్బలు చిలకరించి సమం మీదికి దిగుతారు. సంగీత శాస్త్రంలో అతీతం, అనాగతం అని పాఠం చెప్పుకునేది ఇలాంటి సంగతే, పాట ఎత్తుగడ తాళం ఎత్తుగడతో కలిసే పడాలని లేదు. ఆ చిలకరింపును లూప్ మొదట్లో పెట్టకండి. అది లూప్ చివర ఉండాలి. అప్పుడే ప్రతి చుట్టూ తన తర్వాతి చుట్టును తానే పిలుస్తుంది.

పొడవు విషయంలో చెవి కంటే లెక్క నిర్దయగా ఉంటుంది. నిమిషానికి 120 అడుగుల నడకలో ఎనిమిది అడుగుల లూప్ సరిగ్గా నాలుగు సెకన్లు. మీరు పది మిల్లీసెకన్లు ఎక్కువ కోశారనుకోండి. ఒక్కసారి వింటే ఎవరికీ తెలియదు. ముప్పై చుట్లు తిరిగేసరికి 0.3 సెకన్లు, అంటే సగం అడుగు కంటే ఎక్కువే, పక్కన మోగుతున్న తాళాల నుంచి వెనకబడిపోతుంది. ఇక మన గరగల డప్పు వేగం ఎలాగూ పెరుగుతూ ఉంటుంది. 120 దగ్గర మొదలై 124కు వచ్చిందంటే అదే ఎనిమిది అడుగులు 3.87 సెకన్లలో అయిపోతాయి. అందుకని ముందు నడక స్థిరంగా ఉన్న చోటు వెతకాలి. నాట్యం చేసేవాళ్లు ఒక చోట నిలబడి అడుగు వేస్తున్నప్పుడు అలాంటి చోట్లు దొరుకుతాయి. ఊరేగింపు మలుపు తిరుగుతున్నప్పుడు దొరకవు.

కోసిన రెండు కొసలూ కలిపినప్పుడు 'టిక్' మనే చిన్న శబ్దం రావచ్చు. ఒక కొసలో తరంగం పైన ఉండి, రెండో కొసలో కింద ఉంటే, స్పీకరు పొర ఒక్క గెంతున అక్కడి నుంచి ఇక్కడికి దూకాలి. ఆ దూకుడే టిక్. రెండు కొసలూ తరంగం సున్నా గీతను దాటే చోట, అదీ ఒకే దిశలో దాటే చోట పెడితే చాలావరకు పోతుంది. ఇంకా మిగిలితే క్రాస్‌ఫేడ్ వాడతాం. కోనసీమలో కొబ్బరి పీచు తాడు పేనేవాళ్లు కొత్త పీచు కలిపేటప్పుడు ముడి వేయరు. పాత పీచు సన్నబడుతున్న చోటే కొత్త పీచును కొద్దికొద్దిగా చేరుస్తారు, అతుకు ఎక్కడుందో వేలికి తగలదు. క్రాస్‌ఫేడ్ కూడా అంతే. ఒక కొస తగ్గుతుంటే రెండోది పెరుగుతుంది. డప్పుకు అయిదు మిల్లీసెకన్లు చాలు, అంతకు మించితే దెబ్బ మొద్దుబారుతుంది. తంబురా లూప్‌కయితే సెకనుకు పైగా కావాలి, ఎందుకంటే తంబురాలో కోత దాచుకోవడానికి దెబ్బ లేదు. అంతా సాగే నాదమే.

ఇక్కడ ఒక హెచ్చరిక, చాలామందిని ఏడిపించే విషయం కాబట్టి. ఇంత జాగ్రత్తగా చేసిన లూప్‌ను ఎంపీ3గా దాచి ఎవరికైనా పంపితే అతుకు దగ్గర మళ్లీ ఖాళీ వస్తుంది. తప్పు మీ కోతది కాదు. ఎంపీ3 శబ్దాన్ని 1,152 సంఖ్యల కట్టలుగా కట్టి కుదిస్తుంది. మీ లూప్ ఆ కట్టల్లో సరిగ్గా సరిపోకపోతే చివర నిశ్శబ్దం నింపుతుంది. మొదట్లో కూడా కొంత నిశ్శబ్దం చేరుతుంది. ఒక కట్ట అంటే 26 మిల్లీసెకన్లు. మనం ఒకటి రెండు మిల్లీసెకన్ల కోసం తల బద్దలు కొట్టుకున్నాక! లూప్‌లను వేవ్ ఫైలుగానే దాచాలి, వేవ్ ఫైలుగానే పంపాలి. వాట్సాప్‌లో పంపాల్సివస్తే ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి.

జాతర రికార్డింగులో డప్పు ఒక్కటే ఉండదు. మైకులో ప్రకటనలు, బూరలు, టపాకాయలు, పిల్లల కేకలు అన్నీ ఉంటాయి. పదిహేను నిమిషాల్లో ఒక టపాకాయ పేలితే ఎవరికీ పట్టదు. అదే నాలుగు సెకన్ల లూప్‌లో ఇరుక్కుంటే నాలుగు సెకన్లకొకసారి పేలుతూ, ఇది లూప్ అని చాటింపు వేస్తుంది. పునరుక్తిని పట్టడంలో మన చెవి ఎంత గట్టిదంటే, 1963లో బెల్ ప్రయోగశాలలో గట్‌మన్, యూలెష్ ఏ ఆకారమూ లేని ఉత్త హోరు ముక్కను తిప్పి వినిపిస్తే, సెకను పొడవున్న ముక్కలు కూడా తిరుగుతున్నాయని విన్నవాళ్లు గుర్తుపట్టారు. హోరులోనే గుర్తుపట్టగలిగిన చెవి టపాకాయను వదులుతుందా? అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక ఆవర్తనంతో సరిపెట్టుకోరు. నాలుగో ఎనిమిదో ఆవర్తనాల ముక్క తీస్తారు. చేయి ప్రతిసారీ కొద్దిగా వేరుగా పడుతుంది, చెవి ఆ తేడాల్లో తలమునకలై అతుకును వెతకడం మానేస్తుంది.

ఇప్పుడు 124 నడక ముక్కను 120 నడక పాటలోకి తేవాలి. పాత పద్ధతిలో వేగం తగ్గిస్తే స్వరం కూడా 3 శాతం పైగా దిగుతుంది, అర్ధస్వరంలో సగం కంటే ఎక్కువే. స్వరం మారకుండా కాలం మాత్రమే సాగదీయడం ఎలా అన్న ప్రశ్నకు 1966లో బెల్ ప్రయోగశాలలోనే ఫ్లానగన్, గోల్డెన్ ఒక దారి చూపారు. శబ్దాన్ని సన్నసన్నటి ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ పౌనఃపున్యాలు ఎంతెంత ఉన్నాయో విడగొట్టి, వాటిని కొత్త వ్యవధిలో తిరిగి పేర్చడం. గొంతుకూ సన్నాయికీ ఇది బాగా పనిచేస్తుంది. డప్పును మాత్రం చెడగొడుతుంది. దెబ్బ శక్తి అంతా ఒక్క క్షణంలో కుప్పపడి ఉంటుంది, ఈ పద్ధతి ఆ కుప్పను ముందూ వెనకా పరిచేస్తుంది. తోలు మీద కాక పరుపు మీద కొట్టినట్టు వినిపిస్తుంది.

రీసైకిల్ తెలివంతా ఇక్కడే ఉంది. అది సాగదీయనే సాగదీయదు. శక్తి హఠాత్తుగా పెరిగిన చోట్లన్నీ వెతికి ప్రతి దెబ్బనూ విడదీస్తుంది. తర్వాత దెబ్బలను తాకకుండా వాటి మధ్య ఎడాన్ని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్లలో కూడా డప్పులాంటి వాద్యాలకు ఇదే నమ్మకమైన దారి. ఏబుల్టన్ లైవ్‌లో కాలాన్ని సాగదీసే, కుదించే వార్ప్ పద్ధతుల జాబితాలో 'బీట్స్' అన్నది ఎంచుకోవడమంటే స్థూలంగా దీన్ని అడగడమే. అప్పుడు కూడా యంత్రం గుర్తించిన దెబ్బలను ఒక్కొక్కటీ కంటితో చూసి, చెవితో సరిచూసుకోవాలి. సిర్ర దెబ్బను అది వదిలేయదు. చిటికెన పుల్లను మాత్రం సగంసార్లు గుంపు కేకల్లో పోగొట్టుకుంటుంది.

ఇంకో చిక్కు గడులది. సాఫ్ట్‌వేర్ తెరవగానే అది నాలుగు నాలుగుల గడులు గీసి కూర్చుంటుంది. మన ఊళ్ల నడకల్లో చాలావాటిని అందులో ఇరికించలేం. 'తకిట తకిట' నడకకు ఆరు మాత్రలు కావాలి, అంటే ప్రాజెక్టు మొదట్లోనే 6/8 పెట్టుకోవాలి. మిశ్రచాపుకు ఏడు, ఖండచాపుకు అయిదు. కొవ్వూరులో పుట్టిన ఎం.ఎం. కీరవాణి 2023లో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' ఆ ఆరు మాత్రల నడకలోనే ఉంది. నాలుగింటి గడుల్లో దాన్ని పెట్టి చూడండి, సాఫ్ట్‌వేర్ ప్రతి దెబ్బనూ తప్పు అంటుంది. తప్పు దెబ్బది కాదు, గడిది.

గడిని సరిగ్గా పెట్టుకున్నాక కూడా ఒక మీట మనల్ని ఊరిస్తూ ఉంటుంది. క్వాంటైజ్ అని పేరు. నొక్కితే దెబ్బలన్నీ గీతల మీదికి జరిగి క్రమశిక్షణగా నిలబడతాయి. గరగల డప్పు మీద దాన్ని నొక్కకూడదని నా గట్టి అభిప్రాయం, కారణం చెబుతాను. ఎనిమిది మంది అర్ధచంద్రాకారంలో నిలబడి వాయిస్తున్నారు. ముప్పై డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు నడుస్తుంది. మైకు పక్కనున్న డప్పు దెబ్బ వెంటనే చేరితే, ఏడు మీటర్ల అవతలి డప్పు అదే క్షణంలో కొట్టినా 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఎనిమిది దెబ్బలు అలా కొద్దికొద్దిగా చెదిరి పడటం వల్లే అది ఎనిమిది మంది దరువుగా, వెడల్పుగా, జనసమూహంలా వినిపిస్తుంది. దానిపైన చేయి స్వభావం. ఆరు మాత్రల నడకలో ఆరో మాత్ర ఒక చేతిలో కాస్త ముందే పడుతుంది, అది అడుగును ముందుకు నెడుతుంది. ఇంకో బృందంలో కాస్త ఆగి పడుతుంది, అడుగు బరువెక్కుతుంది. ఆ పది పదిహేను మిల్లీసెకన్లలోనే ఆ బృందం ఉంది. క్వాంటైజ్ ఆ పది పదిహేనునూ తుడిచేస్తుంది. ఆపైన మిగిలేది ఎక్కడైనా దొరికే చప్పుడు, దానికోసం జాతరకు వెళ్లి రికార్డు చేయనక్కర్లేదు. లూప్ మొత్తం పాటతో కలవాలంటే ప్రతి ఆవర్తనం సమం దగ్గర ఒక్క వార్ప్ గుర్తు పెట్టండి చాలు. లోపలి దెబ్బలను వాటి మానాన వదిలేయండి. మొదటి ఆవర్తనం నుంచి నాలుగో ఆవర్తనం దాకా చేయి ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ నిలదొక్కుకుందో అలాగే ఉంటుంది.

ముక్తాయింపును లూప్‌లో కలపకండి. చివర మూడుసార్లు తిప్పి కొట్టి ఆపే ముక్తాయింపు ఒక్కసారి వస్తేనే ముక్తాయింపు. దాన్ని విడి ముక్కగా, తోకతో సహా, ప్రతిధ్వని పూర్తిగా అణగేదాకా కోసి పక్కన పెట్టుకోండి.

క్వాంటైజ్ తుడిచేసే ఆ మిల్లీసెకన్లు ఒక మనిషివి అని ఒప్పుకున్నాక ఇంకో మాట చెప్పక తప్పదు. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం వాయించిన 'ఆమెన్, బ్రదర్' అన్న పాటలో డ్రమ్మరు గ్రెగరీ కోల్‌మన్ నాలుగు బార్లు ఒంటరిగా వాయించాడు. ఏడు సెకన్లకు మించదు. ప్రపంచంలో బహుశా ఏ ముక్కనూ ఇన్నిసార్లు లూప్ చేసి ఉండరు. వేల పాటలు, రెండు మూడు సంగీత శైలులు దాని మీద నిలబడ్డాయి. కోల్‌మన్‌కు దాని మీద రాయల్టీ ఏమీ రాలేదు. 2006లో ఉండటానికి ఇల్లు కూడా లేని స్థితిలో చనిపోయాడు. మన డప్పును తరతరాలుగా మోస్తూ వచ్చినవి ఎక్కువగా మాదిగ, మాల కుటుంబాలు. లూప్‌ల కట్టల్లో వాళ్ల దరువు 'ఇండియన్ ఫోక్ డ్రమ్' అన్న పేరుతో, పక్కన ఒక వేగం సంఖ్యతో అమ్ముడుపోవడం నాకు మింగుడుపడదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుడికి తన ప్రదర్శన రికార్డింగు మీద హక్కులిచ్చింది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శించింది తానేనని గుర్తింపు కోరే హక్కును 38బి సెక్షను విడిగా చెబుతోంది. ప్రదర్శకుడి నిర్వచనంలో పాములాడించేవాడి పేరు కూడా ఉంది, జాతరలో డప్పు వాయించే మనిషికి ఎందుకు ఉండదు? కాబట్టి లూప్ తీసేముందు అనుమతి కాగితం మీద ఉండాలి. ఎంత ఇస్తున్నారో, ఎక్కడ వాడుకుంటారో అందులో రాసి ఉండాలి.

పేరు పెట్టడానికి ఫైలులో చోటు కూడా ఉంది. వేవ్ ఫైలులో శబ్దం సంఖ్యలతోపాటు కొన్ని గడులు కూడా ఉంటాయి. లూప్ మొదలూ చివరా రాసుకునే గడి ఒకటి, కళాకారుడి పేరు రాసే గడి ఒకటి. మొదటిదాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు తామే నింపుతాయి, రెండోది మనం నింపాలి. బృందం పేరు, వాయించినవాళ్లందరి పేర్లు, ఊరు, జాతర, తేదీ, ఎన్ని డప్పులు, ఏ నడక. జాతర అయ్యాక వారం రోజులకు కూర్చుని గుర్తు తెచ్చుకుందామంటే సగం పేర్లు తప్పుతాయి. రికార్డరు ఆపకముందే, మైకు ముందే ఒక్కొక్కరి చేత వాళ్ల పేరూ ఊరూ చెప్పించండి. ఆ ముక్కను లూప్ చేయం. ఫైళ్లతో పాటు అదే ఫోల్డరులో దాచి, లూప్ ఎవరికి పంపితే వాళ్లకు అది కూడా పంపుతాం.